అరుగు మీద యాదయ్య

యాదయ్య ఏ ఇంటికి పోయినా తినకుండా తిరిగి రాడు. ఆయన గురించి మొదట చెప్పాల్సింది ఇదే. చాలామందికి చివరగా చెప్పాల్సిందీ ఇదే. పెళ్ళిళ్ళలో తినేవాళ్ళుంటారు, దినాలకు పోయి తినేవాళ్ళుంటారు. యాదయ్య ఈ రెంటికీ మధ్యలో తినేవాడు. ఇక నయం కాదని పెద్ద దవాఖాన వాళ్ళు మనిషిని ఇంటికి పంపేశాక, ఆ ఇంట్లో పొయ్యి మీద ఏముందో కనుక్కుని, పళ్ళెం పెట్టించుకుని తినేవాడు.

ఆయన ఉద్యోగానికీ తిండికీ సంబంధం లేదు. ఆయన డ్రైవర్. అలాంటి రోగుల ఇళ్ళకే పోయి, నొప్పి తగ్గించి, పుండ్లు కడిగి, ఇంటివాళ్ళకు చూసుకునే పద్ధతి నేర్పే సంస్థ ఒకటి మహబూబ్‌నగర్‌లో ఉంది. దాని తెల్ల వ్యాను నడపడం యాదయ్య పని. వయసు యాభై నాలుగు. ఆయన ఒంటి మీద చొక్కా కొయ్యకు తగిలించినట్టు ఉంటుంది. వారానికి ఇరవై ముప్పై ఇళ్ళలో తిన్న తిండి ఏమవుతుందో సంస్థలో ఎవరికీ అంతు పట్టలేదు. డాక్టరమ్మ ఒకసారి నులిపురుగుల గోలీ ఇచ్చి చూసింది. యాదయ్య అది కూడా తిన్నాడు.

వ్యానులో ఆయన పక్క సీటు నర్సు గ్లోరీది. జడ్చర్ల అమ్మాయి, ముప్పై రెండేళ్ళు. ఆమె సంచిలో దూది ఒక అరలో, కట్లు ఒక అరలో, గోలీలు ఒక అరలో ఉంటాయి. మంచీ చెడూ కూడా ఆమె అట్లాగే అరల్లో పెట్టుకునేది. రోగి ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టొద్దని, మనం పోయేది వాళ్ళకు సాయానికి తప్ప బరువు కావడానికి కాదని శిక్షణలో చెప్పారు. ఆమె అది రాసుకుని కింద గీత గీసుకుంది.

ఇద్దరూ కలిసి పోయిన మొదటి ఇల్లు కోస్గి దారిలో. గొంతులో గడ్డతో మంచాన పడ్డ ముసలాయన. గ్లోరీ లోపల సంచి విప్పుతుండగానే బయట అరుగు మీది నుంచి మాటలు వినిపించాయి.

"ఏమవ్వా, ఏమొండినవ్?"

"రొట్టె జేసిన కొడుకా. పుంటికూర."

"గంతేనా? తొక్కు లేదా?"

"ఉన్నది."

"ఉంటె ఎవ్వలికి దాస్తున్నవ్? తే."

ఆ గొంతు అవతలి వాడకు కూడా వినిపించేది. తిన్నంతసేపూ ఆ గొంతు ఆగలేదు. కూర గిట్ల ఉండాలె, రొట్టె గిట్ల కాల్చాలె, మా ఇంట్ల కాలిస్తే సెప్పు అట్టలెక్క ఉంటది. ముసలాయనకు మందు వేళలు చెబుతున్న గ్లోరీ మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

యాదయ్య తినేది ఎప్పుడూ అరుగు మీదే. లోపల ఫ్యాను తిరుగుతున్నా సరే.

"లోపలికొచ్చి కూసో తమ్మీ, ఎండల ఎందుకు?"

"వద్దక్కా. లోపల నాకు గాలాడది."

ఏప్రిల్ ఎండలో, పోయే ట్రాక్టర్ల దుమ్ములో, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, వీధి వైపు ముఖం పెట్టి తినేవాడు. దారిన పోయేవాళ్ళను పిలవడం ఇంకో అలవాటు. "ఏం కాకా, రా, ఒక రొట్టె తిందువు." ఆ కాకా ఇప్పుడే తిన్నానని చెప్పి, నడకను కాస్త పరుగు చేసుకునేవాడు. ఎవరి ఇంటి రొట్టెకో ఈయన పిలుపులేమిటని గ్లోరీ చెవులు ఎర్రబడేవి.

నాలుగు ఇళ్ళు దాటాక వ్యాను చెట్టు కింద ఆగేది.

"సిస్టరమ్మా, గ్యాస్ గోలీ ఉంటె ఒకటియ్యి."

"గిన్ని ఇండ్లల్ల తింటె గ్యాస్ రాక ఏమొస్తది అన్నా?"

"నిజమే. ఒకటియ్యి."

ఒక్క ఇంట్లో మాత్రం ఆయన తినలేదు. కోస్గి పక్కన పెద్ద రైతు ఇల్లు. మంచంలో ఉన్న పెద్దాయనను చూడటానికి చుట్టాలు రెండు ఆటోల్లో దిగారు, మేకను కోశారు, వసారాలో వరసగా కూర్చుని తింటున్నారు. ఇంటాయన యాదయ్యను చెయ్యి పట్టుకుని లాగాడు. "కడుపు నిండింది పటేలా" అని యాదయ్య వ్యానులోకి పోయి కూర్చున్నాడు. ఎండిన రొట్టెను ఉల్లిగడ్డతో తినే మనిషి మేకమాంసం వదిలేశాడు. గ్లోరీ దీన్ని ఏ అరలోనూ పెట్టలేకపోయింది. తిక్క మనిషి అనుకుని ఊరుకుంది.

నల్లరాళ్ళపల్లిలో శ్యామలమ్మ ఇంటి దగ్గర ఇక ఊరుకోలేకపోయింది.

శ్యామలమ్మకు అరవై ఏళ్ళు. రొమ్ములో గడ్డ పుండయింది, ఎడమ చెయ్యి వాచింది. జబ్బు రాకముందు ఆమె పేరు తొక్కుకు. మామిడికాయలు దిగాయంటే ఆ వాడలో ప్రతి ఇంటివాళ్ళూ ఆమెనే పిలిచి తొక్కు కలిపించుకునేవాళ్ళు. ఆమె చెయ్యి పడ్డ జాడీకి ఏడాదంతా బూజు పట్టదని వాళ్ళ నమ్మకం. పోయిన ఎండాకాలం పుండు మొదలైంది. ఆమె కలపలేనని అనలేదు. వాళ్ళు కలపొద్దనీ అనలేదు. ఆ ఏడు వాడలోకి సంత నుంచి పచ్చడి సీసాలు వచ్చాయి.

ఆ జబ్బు అంటుకునేది కాదు. గ్లోరీ మూడో గురువారం వాడలోని ఆడవాళ్ళను కూర్చోబెట్టి, బొమ్మల చార్టు పట్టుకుని అరగంట చెప్పింది. పక్కన కూర్చుంటే రాదు, ముట్టుకుంటే రాదు, ఆమె వండింది తింటే రాదు. అందరూ తలలూపారు. ఎదురింటి స్వరూప "నిజమే సిస్టర్, మనం సదువుకున్నోళ్ళం గద" అంది. అంతలో శ్యామలమ్మ కోడలు మంజులత చెంబుతో నీళ్ళు, గ్లాసులు తెచ్చింది. అందరికీ ఒక్కసారే ఇంట్లో పనులు గుర్తొచ్చాయి.

యాదయ్య మాత్రం అరుగు మీద గట్టిగా కూర్చున్నాడు.

"అక్కా, నిరుడు ముందటి తొక్కు అడుగున ఏమన్న మిగిలిందా?"

"ఉన్నది తమ్మీ. మంజులా, ఏసియ్యవే."

"కోడలు ఏస్తే తక్కువేస్తది. నీ చేత్తోటి ఎయ్యి."

శ్యామలమ్మ మంచం పట్టె పట్టుకుని లేచింది. వాచిన చేతిని కొంగులో ఆనించుకుని, గోడ పట్టుకుంటూ, గడప దాటి అరుగు మీదికొచ్చి, కుడి చేత్తో తొక్కు వేసింది. యాదయ్య అన్నంలో కలుపుకుని మొదటి ముద్ద మింగి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, ఊరికంతా వినబడేలా ఇంకొంచెం అడిగాడు. అట్లా ప్రతి గురువారం. పదకొండు వారాలు.

పదకొండో వారం గ్లోరీ సంస్థకు రాసిచ్చింది: నొప్పితో ఉన్న రోగిని మంచం మీద నుంచి లేపి డ్రైవర్ వడ్డన చేయించుకుంటున్నాడు.

సంస్థ వ్యవహారాలు చూసేది అమరేందర్. దేన్నయినా లామినేషన్ చేయించి గోడకు కొడితే అది అమల్లోకి వచ్చినట్టేనని ఆయన నమ్మకం. యాదయ్యను పిలిచి గోడ వైపు చూపించాడు.

"ఆరోది చదువు."

"అద్దాలు తేలేద్ సార్."

"రోగుల ఇళ్ళలో తినరాదు, తాగరాదు."

"మంచిగ రాసిన్రు సార్."

"మరి నువ్వు తింటున్నవా లేదా?"

"పెడ్తే తింటున్న సార్."

"పెట్టకపోతే?"

"అడిగి తింటున్న."

అమరేందర్ యాదయ్యను వ్యాను మీది నుంచి తీసి ఆఫీసులో వేశాడు. ఆక్సిజన్ సిలిండర్లు దించాలి, డాక్టరమ్మను బస్టాండులో దింపాలి. తాళం చెవి అప్పగిస్తూ యాదయ్య గ్లోరీ దగ్గర ఆగాడు.

"సిస్టరమ్మా, ఈ బేస్తారం ఒక్కటి నల్లరాళ్ళపల్లికి నన్ను పంపియ్యరాదు? తర్వాత రాను."

"ఎందుకన్నా?"

"తొక్కు బాగుంటది."

గ్లోరీ పంపనంది. ఇలాంటి మనిషి గురించి రాసిచ్చినందుకు ఉన్న కాస్త బాధ కూడా ఆ మాటతో పోయింది.

కొత్త డ్రైవర్ మల్లేశ్ బంగారం లాంటివాడు. తన నీళ్ళ సీసా తానే తెచ్చుకునేవాడు. ఇంటికి ఇరవై గజాల దూరంలో వ్యాను ఆపి, అద్దాలు ఎక్కించుకుని, ఫోను చూసుకునేవాడు. సాయంత్రం అయిదయ్యే పని మూడింటికే అయిపోతోంది. గ్లోరీకి ప్రాణం హాయిగా ఉంది. గురువారం మధ్యాహ్నం దాకా ఉంది.

పన్నెండో గురువారం శ్యామలమ్మ కొత్త చీర కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"బిడ్డా, ఇయ్యాల కట్టు జర దిట్టంగ కట్టు. వాసన రాకుండ ఆ పొడి గూడ ఎక్కువ సల్లు."

"ఎటన్న పోతున్నవా అమ్మా?"

"స్వరూప వాళ్ళ అత్త పిలుస్తనన్నదట. కాయలు తెంపిచ్చి పెట్టిన్రట." కుడి చెయ్యి తిప్పి చూసుకుంది. గోళ్ళు తీసి ఉన్నాయి. "రెండేండ్లాయె తొక్కు కలపక." తర్వాత గుమ్మం వైపు చూసి అడిగింది. "తమ్మి ఏడి? సప్పుడు లేదు."

"ఆయన ఆఫీసుల ఉన్నడమ్మా. ఇగ రాడు."

మంజులత అప్పటికే పళ్ళెం పెట్టి అరుగు మీదికి తెచ్చింది. మల్లేశ్ వ్యాను అద్దం రెండు వేళ్ళ మందం దించి, తిన్నానని చెప్పి, మళ్ళీ ఎక్కించాడు. పళ్ళెం అరుగు మీదే ఉండిపోయింది. ఎదురు గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు దాన్ని చూశారు, వ్యానును చూశారు, ఒక్కొక్కరే లోపలికి పోయారు.

గ్లోరీ వ్యాను ఎక్కబోతుంటే స్వరూప వచ్చి పక్కన నిలబడింది. గొంతు తగ్గించింది.

"సిస్టర్, ఆయనకు యాడ లేసింది?"

"ఏంది లేసింది?"

"గడ్డ. గొంతులనా, కడుపులనా?"

"ఆయనకు ఏం కాలే. ఆఫీసుల పని జేస్తున్నడు."

"గట్లనే అంటరు సిస్టర్, మేం భయపడొద్దని. మేం లెక్క వెడ్తున్నం. పదకొండు బేస్తారాలు ఆమె చేతి బువ్వ తిన్నడు. మంచిగనే వచ్చిండు, మంచిగనే పోయిండు. ఇంకొక్క వారం సూద్దాం, ఏం గాకపోతె శ్యామలత్తను పిలుద్దాం అన్నది మా అత్త. ఇగ సూడు, పన్నెండో వారం మనిషే లేడు."

"ఉన్నడంటున్న గదా."

"ఉంటె రావాలె గద."

"మరి ఆ రోజు చార్టు పెట్టి చెప్తే తలకాయలు ఊపిన్రు?"

"నువ్వు మంచిగనే చెప్పినవ్ సిస్టర్," స్వరూప జాలిగా అంది. "కాని నువ్వు గూడ మంచినీళ్ళు తాగకపోతివి."

వ్యాను కదిలాక గ్లోరీ లెక్క వేసుకుంది. తాను అరగంట చెప్పిన చార్టును పక్కన పెట్టి, ఒక వాడ వాడంతా పదకొండు వారాలు ఒక డ్రైవర్ పొట్టను చూస్తూ కూర్చుంది. ఇంకొక్క ముద్దలో పని అయ్యేది. ఆ ముద్దను తాను కాగితం మీద రాసి ఆపేసింది. తెంపిన కాయలు మూడు రోజులకు మించి ఆగవు. తర్వాత మెత్తబడతాయి, సంత సీసాలు వస్తాయి. శ్యామలమ్మ వచ్చే ఎండాకాలం చూస్తుందని సంస్థలో ఎవరూ అనుకోవడం లేదు. శ్యామలమ్మ కూడా అనుకోవడం లేదు.

సాయంత్రం తిన్నగా యాదయ్య ఇంటికి పోయింది. ఆయన తింటున్నాడు. గిన్నెలో పెరుగన్నం. పక్కన పచ్చడి లేదు, మిరపకాయ లేదు, ఉప్పు డబ్బా కూడా లేదు. ఆయన భార్య సైదమ్మ గ్లోరీకి కుర్చీ వేసి, నాలుగేళ్ళుగా ఎవరికైనా చెప్పుకోవాలని ఎదురుచూస్తున్నట్టు మొదలుపెట్టింది.

"నువ్వన్న చెప్పు సిస్టర్. గీయినకు కడుపుల పుండు. కారం ముట్టొద్దన్నరు. నాలుగేండ్ల సంది గిదే బువ్వ. పండుగకు ఇంత కూర ఒండితే వాసన సూసి లేసిపోతడు. గీయినకు ఒండి ఒండి నేను గూడ కారం మర్శిన."

గ్లోరీ యాదయ్య వైపు చూసింది. యాదయ్య పెరుగు వైపు చూశాడు.

"అన్నా, మరి ఆ తొక్కులు?"

"ఉత్త పెరుగేసుకొని కూసుంటె, దూరంకెళ్ళి సూసెటోళ్ళకు తిన్నట్టు కనవడది సిస్టరమ్మా."

"నువ్వు తింటె ఎవ్వలు సూడాలె?" అంది సైదమ్మ.

గ్లోరీ నల్లరాళ్ళపల్లి సంగతి చెప్పింది. యాదయ్య గిన్నె కింద పెట్టాడు.

"కాయలు ఎన్నొద్దులు ఆగుతయన్నరు?"

"మూడు."

"అయితే శనివారం పోవాలె."

శుక్రవారం పొద్దున గ్లోరీ అమరేందర్ ముందు నిలబడింది.

"రాసింది నువ్వే కదమ్మా," అన్నాడాయన.

"రాసింది నేనే సార్. సరిగ సూడకుండ రాసిన."

"రూలు గోడ మీద ఉంది."

"సార్, ఆ వాడల నా అరగంట చార్టు కంటె ఆయన తిన్న ముద్ద ఎక్కువ పని జేసింది. ఆయన కనవడకపోతే ఇగ ఆ ఇంట్ల ఎవ్వలు అడుగువెట్టరు."

అమరేందర్ మొండివాడే గానీ చెడ్డవాడు కాడు. లేచి, లామినేషన్ మీద ఆరో నియమం కింద స్కెచ్ పెన్నుతో "యాదయ్యకు తప్ప" అని రాశాడు. ప్లాస్టిక్ మీద సిరా నిలవలేదు. మధ్యాహ్నానికి ఎవరి మోచెయ్యో తగిలి చెరిగిపోయింది. అయినా రాసినట్టే లెక్క అన్నాడు.

శనివారం మధ్యాహ్నం దాకానే పని. అది ముగించుకుని ఇద్దరూ నల్లరాళ్ళపల్లి పోయారు. యాదయ్య వాడ మొదట్లోనే హారన్ మొదలుపెట్టి, శ్యామలమ్మ అరుగు ముందు దాకా ఆపలేదు. గుమ్మాలన్నీ నిండాయి.

"నువ్వు సచ్చిపోయినవనుకున్నం," అంది స్వరూప.

"సావలే. ఆఫీసుల ఏసిన్రు. జర అట్లనే ఉంటది."

స్వరూప అత్త జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చింది. ఆమె మాటతోనే ఆ వాడ నడుస్తుంది. యాదయ్యను కింది నుంచి మీది దాకా చూసింది.

"ఒళ్ళు తగ్గినవ్."

"తగ్గనీకె నాకు ఒళ్ళు ఎప్పుడున్నది పెద్దమ్మా?"

"నాలిక సూపియ్యి."

యాదయ్య చూపించాడు. ఆమె వంగి, పశువుల సంతలో చూసినట్టు చూసింది. ఇంకా నలుగురు చూశారు. గ్లోరీ నర్సు ఉద్యోగంలో ఇంత శ్రద్ధగా జరిగిన పరీక్షను చూడలేదు. పరీక్ష అయ్యాక యాదయ్య నోరు మూసుకుని, అరుగు ఎక్కి, లోపలికి కేకేశాడు.

"అక్కా, ఏమొండినవ్?"

లోపల మంచం కిర్రుమంది. శ్యామలమ్మ బయటికొచ్చింది. అదే కొత్త చీర. పచ్చిపులుసు, అన్నం, జాడీ అడుగు తొక్కు. యాదయ్య పెద్ద ముద్ద కలుపుతుంటే గ్లోరీకి ఆయన కడుపులో పుండు గుర్తొచ్చింది. సంచిలోంచి గ్యాస్ గోలీ తీసి ఆయన ఎడమ చేతిలో పెట్టింది. తర్వాత చెప్పులు విడిచి ఆయన పక్కన అరుగు మీద కూర్చుంది.

"అమ్మా, నాకు గూడ ఇంత వెట్టు."

తెల్ల బట్టల నర్సు అరుగు మీద కూర్చుని తినడం ఆ వాడ ఎప్పుడూ చూడలేదు. రెండో ముద్దకే గ్లోరీకి ముక్కు కారింది, చెవుల్లో ఆవిర్లు వచ్చాయి. మంచినీళ్ళు అడిగి రెండు గ్లాసులు తాగింది. స్వరూప ఆ గ్లాసులు లెక్కపెట్టింది.

స్వరూప అత్త కొంగు బిగించింది.

"ఏమే స్వరూపా, సూస్తున్నవేంది? కాయలు మెత్తవడ్తయి. కత్తిపీట తేపో. శ్యామలకు నడక కష్టమైతది, బేసిన్లు ఈడికే తే."

కత్తిపీటలు, బేసిన్లు, కారం డబ్బాలు అరుగు మీదికే నడిచొచ్చాయి. శ్యామలమ్మ గోడకు ఆనుకుని, వాచిన చేతిని దిండు మీద పెట్టుకుని, కుడి చేతిని మోచేతి దాకా కారంలో ముంచింది. పది నిమిషాల్లో ఆమె రోగి అన్న సంగతి ఆమెకే గుర్తులేదు.

"ఉప్పు ఇంతేనా? ఎవ్వలికి దాస్తున్నవే? ఎల్లిపాయ యాడున్నది? కాయ గింత పెద్దగ కొడ్తరా, పండ్లు లేనోళ్ళు ఎట్ల తినాలె?"

తిట్లు తిన్నవాళ్ళంతా రెండేళ్ళుగా వాటికోసమే కాచుకుని ఉన్నట్టు వంగి పని చేశారు.

తొక్కు జాడీలకెత్తాక, ఖాళీ బేసిన్‌లో వేడి అన్నం వేసి, అంటిన కారమంతా తుడిచేలా కలిపి, కలిపిన చేత్తోనే అక్కడున్నవాళ్ళకు తలా ముద్ద పెట్టడం అక్కడి ఆనవాయితీ. శ్యామలమ్మ కలిపింది. మొదటి ముద్ద స్వరూప అత్త అరచేతిలో పెట్టింది. ఆమె తింది. స్వరూప చెయ్యి చాపింది, ముద్దను ఒక క్షణం చూసింది, యాదయ్యను ఒక క్షణం చూసింది, నోట్లో వేసుకుంది. తర్వాత అందరూ ఒకేసారి చేతులు చాచారు. శ్యామలమ్మ అందరినీ తిడుతూ పెట్టింది.

చివరి ముద్ద అన్నిటికంటే పెద్దది. అది యాదయ్యకు చాపింది.

"నాకొద్దక్కా," అన్నాడు యాదయ్య. "కడుపు నిండింది."

వాడంతా నవ్వింది. యాదయ్య కడుపు నిండడం వాళ్ళు చూడటం ఇదే మొదలు. గ్లోరీ నవ్వలేదు. ఆమెకు కోస్గి పక్కన మేకమాంసం, వరసగా కూర్చుని తింటున్న చుట్టాలు, వ్యానులో ఒంటరిగా కూర్చున్న యాదయ్య గుర్తొచ్చారు. ఇంతకాలం ఎక్కడా ఇమడని ఆ సంగతికి ఇప్పుడు అర దొరికింది.

తిరుగు దారిలో ఇంకో ఊరు ఉంది. అక్కడ కొత్త రోగి, ఇంకా ఒక్కసారి కూడా పోని ఇల్లు. పోతూ పోతూ చూసిపోదామని గ్లోరీయే అంది. ఊరి మొదట్లో యాదయ్య వ్యాను వేగం తగ్గించాడు. ఆ ఇంటి అరుగు ఖాళీగా ఉంది. ఎదురు గుమ్మాల్లో జనం ఉన్నారు.

"ఏమొండిన్రో ఏమో," అన్నాడు యాదయ్య.

గ్లోరీ సంచి విప్పి, గ్యాస్ గోలీల పట్టీ తీసి, స్టీరింగ్ ముందున్న అర మీద రెండు గోలీలు పెట్టింది. ఒకటి ఆయనకు, ఒకటి తనకు.